తొమ్మిది మందిలో ఇద్దరు తప్పితే బడి చెడ్డదైపోయినట్టేనా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్ దగ్గర ఒక బస్తీ. మా అమ్మాయి ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. 6 నుంచి 10 దాకా అన్ని తరగతులూ కలిపినా బడిలో 58 మందే. పోయినసారి పదో తరగతి 9 మంది రాస్తే ఏడుగురు పాసయ్యారు. తప్పిన అమ్మాయి లెక్కల్లో 31 దగ్గర ఆగి, సప్లిమెంటరీలో గట్టెక్కింది. అబ్బాయి సంక్రాంతికి ఊరెళ్లి నెలన్నర రాలేదు, మూడు సబ్జెక్టులు పోయాయి. అంతకుముందు ఏడాది 8కి 8 మందీ పాసైతే గేటుకు ‘100 శాతం’ అని ఫ్లెక్సీ కట్టారు. దాని ముందు ఏడాది 11 మందిలో 10 మంది. ఇప్పుడు 77 శాతం అనేసరికి మా ఆడపడుచు ‘అక్కడంతా వలసొచ్చినవాళ్ల పిల్లలే, మన పిల్ల పాడైపోతుంది, ప్రైవేటులో వెయ్యి వదినా’ అంటోంది. ఆ ప్రైవేటు బడివాళ్లు 98 శాతం అని కరపత్రాలు పంచుతున్నారు. నేను బడి కమిటీలో ఉన్నాను. రిజిస్టర్లు అడిగితే చూపిస్తారు గానీ అందులో ఏం చూడాలో తెలియదు.
– ఒక తల్లి, సికింద్రాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే అంకె 77 కాదు, 31. ఆ అమ్మాయికి ఇంకో నాలుగు మార్కులు వచ్చి ఉంటే మీ బడి ఫలితం 77 బదులు దాదాపు 89 అయ్యేది. తొమ్మిది మంది రాసేచోట ఒక్కో పిల్ల విలువ 11 శాతం పైమాటే. అంటే ఒక పిల్ల ఒక పేపర్లో పోగొట్టుకున్న నాలుగు మార్కుల మీద బడి పరువులో 11 శాతం వేలాడింది. అందుకే ఇంత చిన్న బడికి శాతాలు కట్టడమే పొరపాటు. పేర్లు రాసుకుని ఒక్కొక్కరినీ లెక్కపెట్టాలి. ఆ లెక్క కూడా పరీక్ష హాల్లో మొదలవకూడదు, ఆరో తరగతిలో చేరిన రోజు మొదలవ్వాలి.

ముందు ఆ శాతం సంగతి తేల్చేద్దాం. మీ బడిలో ప్రతి పిల్లకూ పాసయ్యే అవకాశం పదికి తొమ్మిది పాళ్లు అనుకోండి. అదే బడి, అవే పాఠాలు, అదే శ్రద్ధ, ఏటా తొమ్మిది మంది. ఇలా నూరేళ్లు పరీక్ష రాస్తే సుమారు 39 ఏళ్లు తొమ్మిది మందీ పాసవుతారు, ఇంకో 39 ఏళ్లు ఒకరు తప్పుతారు, మిగతా 22 ఏళ్లు ఇద్దరో అంతకన్నా ఎక్కువో తప్పుతారు. బడిలో వీసమెత్తు మార్పు లేకుండానే ఒక ఏడాది ఫ్లెక్సీ కడతారు, ఒక ఏడాది సంజాయిషీ రాస్తారు. అదే పిల్లలు 200 మంది రాసే బడిలో ఐతే ఫలితం దాదాపు ఎప్పుడూ 86కూ 94కూ మధ్యే తిరుగుతుంది. అక్కడ 77 వచ్చిందంటే నిజంగానే ఏదో చెడింది. మీ దగ్గర 77 అంటే ఇద్దరు పిల్లలు, అంతే.

రాష్ట్రమంతా చూసినా ఇదే తంతు. పదో తరగతి ఉత్తీర్ణత 2024లో 91.31 శాతం, 2025లో 92.78. నూటికి నూరు శాతం సాధించిన బడులు 2024లో 3,927, 2025లో 4,629. ఒక్కరూ పాసవని బడులు 2024లో 6, 2025లో 2. ఆ పై జాబితాలోకైనా కింది జాబితాలోకైనా చిన్న బడి తేలిగ్గా ఎక్కుతుంది. పెద్ద బడికి రెండూ కష్టమే. ఫ్లెక్సీ కట్టిన ఏడాది మీ హెడ్‌మాస్టరు గారిని ఆకాశానికెత్తి ఉంటారు, ఈ ఏడాది దించేసి ఉంటారు. రెండూ అన్యాయమే.

మూడేళ్లూ కలిపి చూడండి: రాసినవాళ్లు 28 మంది, మార్చిలోనే పాసైనవాళ్లు 25 మంది. రాష్ట్ర సగటు లెక్కన 28లో 26 మంది పాసవ్వాలి. మీ బడికీ రాష్ట్రానికీ ఉన్న తేడా ఒక్క పిల్ల. సప్లిమెంటరీ కూడా కలిపితే ఆ తేడా కూడా లేదు. ఐతే రాష్ట్ర సగటు మార్చి పరీక్షదే కాబట్టి దాన్ని సప్లిమెంటరీ కలిపిన అంకెతో పోల్చొద్దు. మీ నోటు పుస్తకంలో రెండింటికీ వేర్వేరు గళ్లు గీసుకోండి. సప్లిమెంటరీలో పాసైన పిల్ల అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు కాబట్టి ఇంటివాళ్లకు ముఖ్యం రెండో గడి. పై అధికారుల సమీక్షల్లో మాట్లాడేది మొదటి గడి గురించే.

ఇక అసలు విషయం. పాస్ శాతం లెక్కలో కింద ఉండే అంకె పరీక్షకు కూర్చున్నవాళ్లది. ఏడో తరగతిలోనో తొమ్మిదిలోనో బడి మానేసిన పిల్ల ఆ లెక్కలోకే రాదు. ఎంతమంది మధ్యలో రాలిపోతే ఫలితం అంత అందంగా కనబడుతుంది. ఈ చిక్కు మనకొక్కళ్లకే కాదు. అమెరికాలో ప్రభుత్వ హైస్కూళ్ల గ్రాడ్యుయేషన్ రేటును ఒక్కో రాష్ట్రం ఒక్కోలా కట్టుకుంటుంటే, 2008లో కేంద్రం ఒకే సూత్రం పెట్టింది. 2010–11 నుంచి రాష్ట్రాలు ఆ ప్రకారమే లెక్క చెబుతున్నాయి. తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరినవాళ్లను రాసుకోవాలి, తర్వాత వచ్చి చేరినవాళ్లను కలపాలి, వేరే బడికి వెళ్లినవాళ్లను, దేశం వదిలినవాళ్లను, చనిపోయినవాళ్లను తీసెయ్యాలి. మిగిలినవాళ్లలో నాలుగేళ్లకు ఎంతమంది డిప్లొమా అందుకున్నారో చూడాలి. ఇందులో కీలకం ఒకటుంది. వేరే బడికి వెళ్లినట్టు కాగితం ఉంటేనే తీసెయ్యనిస్తారు. ‘ఎక్కడికో వెళ్లిపోయాడట’ అంటే ఒప్పుకోరు, ఆ పిల్లవాడు లెక్కలోనే ఉంటాడు.

మీరు అదే సూత్రాన్ని ఆరో తరగతి నుంచి మొదలుపెట్టి కట్టండి. 58 మంది బడికి ఇది రెండు పూటల పని. కావలసినవి అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకం, పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాయబోయేవాళ్ల పేర్ల పట్టీ), మార్కుల జాబితా. పోయినసారి పది రాసిన బ్యాచి ఆరో తరగతిలో ఉన్నప్పటి పేర్లన్నీ ఒక పేజీలో దించుకోండి. మధ్యలో వచ్చి చేరినవాళ్లను వేరే రంగు పెన్నుతో రాయండి. ప్రతి పేరు ఎదుటా ఒకే ఒక మాట ఉండాలి: మార్చిలో పాస్, సప్లిమెంటరీలో పాస్, తప్పాడు, టీసీతో ఫలానా బడికి, గురుకులానికి, ఓపెన్ టెన్త్‌కు, జాడ లేదు.

లెక్క ఎలా తేలుతుందో చూడటానికి ఒక ఊహా బ్యాచి వేసుకుందాం. ఆరులో 14 మంది, తర్వాత వచ్చినవాళ్లు నలుగురు, మొత్తం 18. గురుకులాలకు ముగ్గురు, టీసీతో ప్రైవేటుకు ఇద్దరు, టీసీతో సొంతూరి బడికి ఇద్దరు. ఈ ఏడుగురూ అక్కడ చదువుతున్నారని తేలితే తీసెయ్యండి. మిగిలింది 11. అందులో పరీక్ష రాసింది 9 మంది, సప్లిమెంటరీతో కలిపి పాసైంది 8 మంది. అంటే 11లో 8. పరీక్ష తప్పింది ఒక్కడే, జాడ లేనివాళ్లు ఇద్దరు. ఫలితాల సమీక్షలో ఆ ఒక్కడి గురించి గంటసేపు మాట్లాడతారు, ఈ ఇద్దరి పేర్లు ఎవరి నోటా రావు. కమిటీ సభ్యురాలిగా మీరు అడగాల్సింది ఈ ఇద్దరి గురించి.

ఈ లెక్కలో మామూలుగా దొర్లే తప్పులు కొన్ని ఉన్నాయి. టీసీ తీసుకున్నంత మాత్రాన పిల్ల ఇంకో బడిలో చేరినట్టు కాదు. ఊరెళ్తున్నామని టీసీ పట్టుకెళ్లి, ఎక్కడా చేర్చకుండా పనిలో పెట్టినవాళ్లుంటారు. దీన్ని పట్టుకోవడానికి ఇప్పుడొక దారి ఉంది. దేశంలోని బడులన్నిటి వివరాలు ఎక్కించే కేంద్రం వెబ్‌సైటు యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ పెన్ అనే శాశ్వత నంబరుంటుంది. బడి వదిలిన పిల్లను హెడ్‌మాస్టరు గారి లాగిన్‌లో డ్రాప్ బాక్స్‌లోకి నెడతారు. కొత్త బడివాళ్లు పెన్ నంబరు, పుట్టినతేదీ కొట్టి అక్కణ్నుంచి తమ బడిలోకి లాక్కుంటారు. నెలలు గడిచినా పేరు డ్రాప్ బాక్స్‌లోనే ఉందంటే రెండిట్లో ఒకటి: పిల్ల ఎక్కడా చేరలేదు, లేదా కొత్త బడి పాత నంబరు వాడకుండా వేరే స్పెల్లింగుతో కొత్త ఎంట్రీ వేసింది. రెండోది తరచూ జరుగుతుంది. అందుకని డ్రాప్ బాక్స్‌లో పేరు చూడగానే బడి మానేసిందని రాయకండి, ఇంటికి ఒక ఫోను చెయ్యండి.

ఇంకొకటి, మానేసి ఏడాది తర్వాత మళ్లీ వచ్చిన పిల్లకు కొత్త అడ్మిషన్ నంబరు ఇస్తారు, అప్పుడు ఒకే పిల్ల రెండుసార్లు లెక్కకొస్తుంది. మన నగరంలో ఒకే భవనంలో తెలుగు మీడియం బడి ఒకటి, ఉర్దూ మీడియం బడి ఒకటి ఉండటం మామూలే. వాటి యూడైస్ కోడ్‌లు వేరు, ఫలితాలు వేరు. బడి పేరు చూసి కాకుండా, 36తో మొదలయ్యే ఆ 11 అంకెల కోడ్ చూసి లెక్క తీసుకోండి. ఓపెన్ టెన్త్‌కు వెళ్లినవాళ్ల సంగతి విడిగా అడగండి. పనికి పోతున్న పిల్లకు ఓపెన్ స్కూల్ మంచి దారే. బడి శాతం కాపాడుకోవడానికి వెనకబడిన పిల్లను అటు నెడితే మాత్రం అది వేరే కథ. రెంటికీ తేడా తెలిసేది ఆ ఇంట్లో అడిగితేనే.

వలస పిల్లల మాటకొద్దాం. మీ ఆడపడుచు గారు అన్నదాంట్లో ఒక గింజ నిజముంది, దాని చుట్టూ బోలెడు ఊక ఉంది. నిజమేమిటంటే, చిన్న బడిలో ఎవరున్నారన్నది ఫలితాన్ని గట్టిగా కదిలిస్తుంది. బస్తీల్లోని ప్రభుత్వ బడుల్లో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలతో పాటు ఒడిశా, బీహార్, మహారాష్ట్ర, కర్ణాటక కుటుంబాల పిల్లలూ ఉంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లకు 2018 చట్టం ప్రకారం తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. పైగా 2022–23లో 8వ తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంట్లో ఒడియా, బడిలో ఇంగ్లిష్ పుస్తకం, పరీక్షలో తెలుగు పేపరు. మరోపక్క నాలుగో తరగతి కాగానే చురుకైన పిల్లలు ప్రవేశపరీక్ష రాసి గురుకులాల్లో అయిదుకు వెళ్లిపోతారు. ఆ పైన కూడా ఖాళీలను బట్టి 6 నుంచి 9 దాకా ఒకరో ఇద్దరో జారుకుంటారు. అలా వెళ్లిన మంచి విద్యార్థుల ఫలితం గురుకులం ఖాతాలో పడుతుంది. అంతేకాదు, ఉన్న కొద్ది డబ్బుతో కొడుకును ప్రైవేటులో వేసి కూతుర్ని సర్కారు బడికి పంపే ఇళ్లు చాలా కాబట్టి, ఇలాంటి బడుల్లో ఆడపిల్లల పాలు తరచూ ఎక్కువే.

ఊక ఏమిటంటే, వలస పిల్లలతో మీ పిల్ల చదువు చెడుతుందన్నది. మీరు చెప్పిన అబ్బాయికి మూడు సబ్జెక్టులు పోయింది సంక్రాంతి తర్వాతి నెలన్నరలో. ఆ రోజుల్లో బడిలో పదో తరగతి ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, ప్రీ ఫైనల్ నడుస్తుంటాయి. అక్కడ చూడాల్సింది హాజరు, పుట్టిన ఊరు కాదు. యూడైస్ లెక్కకు తీసుకునేది సెప్టెంబరు 30 నాటి సంఖ్య. జూన్‌లో బడిబాటలో రాసుకున్న పేర్లు, సెప్టెంబరులో ఉన్న పేర్లు, ఫిబ్రవరిలో బెంచీల మీద కూర్చున్న పిల్లలు – ఈ మూడూ ఒకటి కావు. హాజరు పట్టీ కన్నా నమ్మకమైనది మధ్యాహ్న భోజనం రిజిస్టరు. జులై, అక్టోబరు, ఫిబ్రవరి నెలల్లో ఒక్కో వారం తీసుకుని ఎన్ని భోజనాలు పెట్టారో తరగతివారీగా చూడండి. 58 మంది బడిలో జులైలో 50 భోజనాలు, ఫిబ్రవరిలో 36 ఉన్నాయంటే మీ అసలు సమస్య అదే. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేవాళ్లను మాత్రం ముందే తీసెయ్యండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

పిల్లల వివరాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంత చిన్న బడిలో ‘తొమ్మిదిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడు ఒకడు, తప్పాడు’ అని రాస్తే పేరు రాయక్కర్లేదు, బస్తీ అంతటికీ తెలిసిపోతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు పది మంది కన్నా తక్కువున్న గుంపుల అంకెలు బయటపెట్టకపోవడానికి కారణమదే. కులం, వైకల్యం, ఇంటి ఆదాయం కలిసిన పట్టికను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, రిజిస్టరు పేజీలకు ఫొటోలు తియ్యకండి. నోటు పుస్తకం బడిలోనే ఉంచండి. అన్నట్టు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పదో తరగతి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకులు దొరుకుతారు. వైకల్య సర్టిఫికెట్ జతచేసి నామినల్ రోల్ దశలోనే అడగాలి. మార్చిలో గుర్తొస్తే పరుగులే మిగులుతాయి.

టీచర్ల సంగతి. మీ బడిలో ఎనిమిది మంది టీచర్లుంటే ఏడుగురు పిల్లలకో టీచరు అన్నమాట, కాగితం మీద చూడముచ్చటగా ఉంటుంది. ఆ నిష్పత్తిని పట్టించుకోకండి. హైస్కూల్లో చూడాల్సింది సబ్జెక్టు. లెక్కల స్కూల్ అసిస్టెంటు ఉన్నారా, భౌతిక శాస్త్రానికి ఒకరు, జీవశాస్త్రానికి ఒకరు ఉన్నారా? పిల్లలు తక్కువున్న బడి నుంచి ‘సర్దుబాటు’ పేరుతో టీచర్ను వేరే బడికి పంపడం ఏటా జరిగేదే. పోస్టు మీ బడిలోనే ఉన్నట్టు కనబడుతుంది, మనిషి ఉండరు. కాబట్టి మంజూరైన పోస్టులు కాదు, ఈ వారం టైంటేబుల్లో 8, 9, 10 తరగతుల లెక్కల పీరియడ్లు ఎవరు తీసుకున్నారో అడగండి. మీ బడిలో ఒకమ్మాయి 31 దగ్గర ఆగింది లెక్కల్లోనే కాబట్టి మూడేళ్ల 28 మంది లెక్కల మార్కులూ ఒక వరసలో రాయించండి. సగం మంది 35కూ 45కూ మధ్య ఉంటే, ఈ ఏడాది పాసైనవాళ్లు కూడా అంచు మీద నడిచి బయటపడ్డవాళ్లే. అందరూ 60 దాటి ఒక్కరే 31 ఐతే అది ఆ పిల్ల ఇబ్బంది. ఈ ఒక్క వరస పాస్ శాతం కన్నా పదింతలు చెబుతుంది.

ప్రైవేటు బడి 98కీ ఇవే ప్రశ్నలు. ఒక్కరైనా తప్పి 98 శాతం రావాలంటే, 97.5ను 98గా రాసుకున్నా కనీసం 40 మంది రాసి ఉండాలి; 50 మందిలో ఒకరు తప్పితే సరిగ్గా 98. ఆ బ్యాచి తొమ్మిదిలో ఎంతమంది ఉండేవారు, పదిలోకి ఎంతమంది వచ్చారు? 65 మంది 50 అయ్యారంటే ఆ 15 మంది ఎటు పోయారో అడగండి. హాల్‌టికెట్ మీద ఆ బడి పేరే ఉంటుందా, ఇంకో బడి పేరుంటుందా? పదో తరగతికి గుర్తింపు లేని బడులు పిల్లలను వేరే బడి పేరు మీద రాయిస్తాయి. ఆ బడికి కూడా యూడైస్ కోడ్ అడగండి, యూడైస్ ‘నో యువర్ స్కూల్’ పేజీలో తరగతివారీ సంఖ్య ఎవరైనా చూడొచ్చు.

మీ అమ్మాయిని మార్చే ముందు డబ్బుకు సంబంధించిన విషయం ఒకటి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ఉపకారవేతనం పరీక్ష ఉంటుంది. నెగ్గితే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 5 శాతం సడలింపు. పేపర్లు రెండు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రైవేటు బడి పిల్లలకు ఇది లేదు, నెగ్గాక ప్రైవేటుకు మారినా పోతుంది. పది తర్వాత బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో కూడా ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ ఉంది.

బడి మూతపడుతుందేమోనన్న భయం మీరు రాయలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. 2024–25 యూడైస్ లెక్కల్లో ఒక్క పిల్లా చేరని బడులు దేశంలో 7,993 ఉంటే, తెలంగాణలోనే 2,245. 58 మందున్న హైస్కూలు ఆ కోవలోకి రాదు. ముందు వచ్చే ముప్పు మూసివేత కాదు, టీచర్లు ఒక్కొక్కరే సర్దుబాటులో వెళ్లిపోవడం.

నా సలహా: ఈ ఏడాది మార్చకండి. జూన్ 12న బడి తెరిచాక జులై చివరిదాకా టైంటేబుల్ చూడండి. లెక్కల టీచరు లేకపోతే కమిటీ తీర్మానం రాసి డిప్యూటీ ఐఓఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) కార్యాలయంలో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. తీర్మానంలో శాతాలు వద్దు, ‘10వ తరగతిలో 9 మంది, జూన్ 12 నుంచి ఇన్ని లెక్కల పీరియడ్లు జరగలేదు’ అని రోజులతో సహా రాయండి. జవాబు రాకపోతే డీఈఓ కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద, ఆ పోస్టులోని టీచరు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. దసరా సెలవుల తర్వాత కూడా ఎవరూ రాకపోతే, అప్పుడు సబ్జెక్టు టీచర్లందరూ ఉన్న మరో ప్రభుత్వ హైస్కూలు చూడండి. గురుకులం తొమ్మిదో తరగతి ఖాళీలకు ప్రవేశపరీక్ష కూడా రాయించండి. మార్చాల్సి వస్తే విద్యా సంవత్సరం చివర, ఏప్రిల్లోనే టీసీ తీసుకుని, దాని మీద పెన్ నంబరు ఉందో లేదో, పేరు స్పెల్లింగు ఆధార్‌తో కలుస్తోందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి.